సోలమన్ లిండా – పది షిల్లింగులకు పోయిన సింహం పాట



వార్షికోత్సవ సంచిక అనగానే ఒక గొప్పవాడి జీవిత చరిత్ర ఉండాలనేది మన అందరి ఆలోచన. నాయకుల గురించి, శాస్త్రవేత్తల గురించి, కవుల గురించి మనం చాలా చదువుకున్నాం. ఈసారి మేము ఒక కూలీ గురించి రాస్తున్నాం. ఆయన పశువులు కాశాడు. పొట్టకూటి కోసం పట్నం వెళ్లాడు. గ్రామఫోను రికార్డులను అట్టపెట్టెల్లో సర్దే పని చేశాడు. శనివారం రాత్రిళ్లు పాటలు పాడాడు. వాటిలో ఒక పాట ప్రపంచమంతా తిరిగింది. ఆయన పేరు మాత్రం చాలాకాలం ఆ పాటతో పాటు తిరగలేదు.

ఆయన సోలమన్ లిండా. దక్షిణాఫ్రికాకు చెందిన జులూ జాతి గాయకుడు. పేరు మనలో చాలామందికి కొత్తగా ఉండొచ్చు. పాట కొత్త కాదు. లయన్ కింగ్ సినిమాలో ముంగిస లాంటి టిమోన్, అడవిపంది పుంబా కలిసి సరదాగా ఒక పాట అందుకుంటారు. 2019లో ఆ సినిమా తెలుగులోకి వచ్చినప్పుడు ఆ రెండు పాత్రలకు అలీ, బ్రహ్మానందం గొంతు ఇచ్చారు. ఆ జంతువులు మొదట 1994 నాటి బొమ్మల సినిమాలో అందుకున్న ఆ సింహం పాటకు మూలం ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే, మనం 1939 నాటి జోహన్నెస్‌బర్గ్ నగరంలో ఒక చిన్న రికార్డింగ్ గదికి చేరుకుంటాం.

పశువుల కాపరి బాల్యం

సోలమన్ లిండా 1909లో నెటాల్ ప్రాంతంలో పొమెరాయ్ అనే ఊరి దగ్గర పుట్టాడు. ఆ చుట్టుపక్కల నేలను మ్సింగా అంటారు. నెటాల్ మన తెలుగువారికి సంబంధం లేని చోటేమీ కాదు. 1860 నుంచి 1911 వరకు అక్కడి చెరకు తోటల్లో పని చేయడానికి ఒప్పంద కూలీలుగా ఓడలెక్కి వెళ్లినవారిలో మన తెలుగువారు కూడా వేలల్లో ఉన్నారు. ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్లినవారి మనవలు, మునిమనవలు నేటికీ డర్బన్ ప్రాంతంలో ఉన్నారు. 1931లో వాళ్లు అక్కడ ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు. సరిగ్గా అదే సంవత్సరం లిండా తన పల్లె విడిచి పట్నం బాట పట్టాడు.

ఆయనకు నాలుగేళ్ల వయసున్నప్పుడు, 1913లో, ఆ దేశ తెల్ల ప్రభుత్వం భూమి చట్టం ఒకటి తెచ్చింది. జనాభాలో చాలా ఎక్కువ భాగమైన నల్లవారికి ఆ చట్టం వదిలింది దేశంలోని భూమిలో సుమారు 7 శాతం. 1936లో దాన్ని 13 శాతానికి పెంచామన్నారు. అంత కొంచెం నేల అంతమందికి ఎలా సరిపోతుంది? పంట లేదు, పన్ను మాత్రం కట్టాలి. అందువల్ల మగవాళ్లు గనులకు, ఫ్యాక్టరీలకు, తెల్లవారి ఇళ్లకు పనికి పోక తప్పేది కాదు. వలస ఎందుకు పుడుతుందో మన పాలమూరు వాళ్లకు, అనంతపురం వాళ్లకు మేము వివరించి చెప్పనక్కర లేదు.

లిండా చిన్నతనంలో పశువులు కాశాడు. మేత కోసం దూరం తోలుకుపోయిన పశువుల మీద సింహం పడుతుందేమోనని కాపరి పిల్లలు కాచుకుని ఉండడం ఆ నేల అనుభవం. ఆ జ్ఞాపకమే తర్వాత పాటైంది. గోర్డన్ మెమోరియల్ అనే మిషన్ బడిలో ఆయన చదివాడు. అక్కడ బృందగానం నేర్పేవారు. చర్చి పాటల్లో నాలుగు గొంతులు నాలుగు రకాలుగా పాడుతూ ఒకటిగా వినిపించే పద్ధతి ఆయన చెవికి అక్కడే పట్టింది. ఊళ్లో పెళ్లిళ్లలో జులూవాళ్లు పాడుకునే పాట ఎలాగూ రక్తంలో ఉంది. ఈ రెండూ కలిసిన చోట ఆయన సంగీతం మొదలైంది.

కార్మికుల హాస్టళ్లలో శనివారం రాత్రి

1931లో జోహన్నెస్‌బర్గ్ చేరిన లిండా మొదట ఒక ఫర్నిచర్ దుకాణంలో పని చేశాడు. తన మేనమామలు నడిపే ఈవెనింగ్ బర్డ్స్ అనే పాటల జట్టులో చేరాడు. ఈవెనింగ్ బర్డ్స్ అంటే సాయంకాలపు పక్షులు. 1933లో ఆ జట్టు విడిపోయింది. అప్పటికి కార్ల్‌టన్ హోటల్లో పనికి కుదిరిన లిండా అదే పేరుతో కొత్త జట్టు కట్టాడు. ఆయనతో కలిపి ఆరుగురు. అందరూ పొమెరాయ్ వైపు వాళ్లే. లిండాది అన్నిటికన్నా పై స్థాయి గొంతు. ఇంకొకరు దాని కింది గొంతు, మరొకరు మధ్య గొంతు. మిగిలిన ముగ్గురూ అడుగు నుంచి మంద్రంగా పాడేవారు. కింద ఒక గొంతే కాకుండా మూడు గొంతులు పెట్టడం వల్ల ఆ జట్టు పాటకు నేల కంపించేంత బలం వచ్చేది.

ఇక్కడ మన హాస్టల్ వాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఆనాడు వలస వచ్చిన నల్ల కార్మికుల్లో ఎక్కువ మందిని హాస్టళ్లలో, కాంపౌండ్లలో ఉంచేవారు. మగవాళ్లకు మాత్రమే చోటు. భార్యాపిల్లలు ఊళ్లో ఉండాలి. మనది చదువు కోసం పెట్టిన హాస్టలు. వాళ్లది చాకిరీ కోసం పెట్టినది. పోలిక అంతవరకే. కానీ ఇంటికి దూరంగా, ఒకే గదిలో పక్కపక్కన పడుకునే పదిమంది మధ్య పాట ఎలా పుడుతుందో మనకు అర్థమైనంత తేలికగా ఇంకొకరికి అర్థం కాదు.

ఆ హాస్టళ్లలో వారం పొడుగునా పని, శనివారం రాత్రి పాటల పోటీ. జట్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పాడేవి. తెల్లవార్లూ పోటీలు నడిచేవి. లిండా జట్టు చారల సూట్లు, గుండ్రటి టోపీలు, రెండు రంగుల బూట్లు వేసుకుని వచ్చేది. పగలు మోతకూలీలుగా కనిపించేవాళ్లు రాత్రి దొరల్లాగా తయారై వేదిక ఎక్కేవారు. ఒకే తీరున దుస్తులు వేసుకుని, ఒకే తీరున అడుగులు వేస్తూ పాడే ఆ పద్ధతిని తర్వాత జట్లన్నీ అందుకున్నాయి.

మూడోసారి పలికిన స్వరం

1938లో లిండా గాలో రికార్డ్ కంపెనీలో రికార్డులు సర్దే కూలీగా చేరాడు. ఆ కంపెనీ యజమాని ఎరిక్ గాలో. సహారా ఎడారికి దక్షిణాన ఆ రోజుల్లో రికార్డింగ్ స్టూడియో ఉన్నది ఆ కంపెనీకే. కొత్త గాయకులను వెతికే పని అక్కడ గ్రిఫిత్స్ మోట్సియెలోవా అనే నల్లజాతి కళాకారుడు చూసేవాడు. ఆయన లిండా జట్టు పాట విని 1939లో స్టూడియోకు పిలిపించాడు.

ఆ రోజు రికార్డు చేసిన పాటల్లో ఒకదాని పేరు ఎంబూబే. జులూ భాషలో ఆ మాటకు సింహం అని అర్థం. పాటలో మాటలు చాలా తక్కువ. కింద గొంతులన్నీ నువ్వు సింహానివి అనే అర్థం వచ్చే ఒక్క మాటనే పట్టుకుని మళ్లీ మళ్లీ తిప్పుతుంటాయి. దాని మీద లిండా గొంతు గాలిపటంలా లేచి, తనకు తోచినట్టు విహరిస్తుంది. మొదటి రెండుసార్లు పాడినది సరిగా కుదరలేదు. మూడోసారి కుదిరింది. ఆ మూడోసారి పాట ముగింపుకు వస్తుండగా లిండా ముందుగా అనుకోని ఒక చిన్న రాగపు వరస అప్పటికప్పుడు అందుకున్నాడు. కొన్ని సెకన్ల పాటు సాగిన వరస అది. తర్వాత ప్రపంచమంతా ఈల వేసుకుంటూ పాడుకున్నది ఆ వరసనే.

రికార్డు బయటికి వచ్చింది. దక్షిణాఫ్రికాలో నల్లవారి ఇళ్లలో, హాస్టళ్లలో, టీ అంగళ్లలో అది మోగని చోటు లేదు. 1940ల చివరికి సుమారు లక్ష రికార్డులు అమ్ముడుపోయాయని చెబుతారు. అలాంటి పాటలన్నిటికీ ఎంబూబే అన్నదే పేరైపోయింది. ఒక పాట పేరు ఒక సంగీత పద్ధతికే పేరు కావడం సామాన్యమైన సంగతి కాదు.

మరి లిండాకు ఏం దక్కింది? పాట హక్కును ఆయన గాలో కంపెనీకి 10 షిల్లింగులకు ఇచ్చేశాడు. ఆనాటి లెక్కలో అది రెండు అమెరికన్ డాలర్ల లోపు. నల్లజాతి గాయకులకు పాడిన రోజున ఒకసారి చేతిలో కొంత పెట్టి పంపడమే ఆనాటి ఆచారం. అమ్ముడైన ప్రతి రికార్డు మీద వాటా, అంటే రాయల్టీ ఇవ్వాలన్న మాట వారి దాకా వచ్చేది కాదు. తన పాట ఉన్న రికార్డులను తానే పెట్టెల్లో సర్ది బయటికి పంపే స్థితి లిండాది. సొమ్మొకడిది, సోకొకడిది అని మన పెద్దలు ఊరికే అనలేదు.

సముద్రం దాటిన పాట

1940ల చివర్లో గాలో కంపెనీ రికార్డులు కొన్ని అమెరికాలోని డెక్కా కంపెనీకి చేరాయి. అక్కడ ఎవరూ వాటిని పట్టించుకోలేదు. జానపద గేయాలు సేకరించే ఆలన్ లోమాక్స్ వాటిని తీసి, తన స్నేహితుడు పీట్ సీగర్‌కు ఇచ్చాడు. పీట్ సీగర్ పేరున్న జానపద గాయకుడు, వీవర్స్ అనే జట్టులో సభ్యుడు. రికార్డు పదేపదే విని ఆయన స్వరాలు రాసుకున్నాడు. జులూ భాష రాదు కాబట్టి ఉయింబుబే అన్న మాట ఆయన చెవికి విమోవే అని వినిపించింది. అదే పాట పేరైపోయింది. వీవర్స్ జట్టు 1951లో ఆ పాటను పెద్ద వాద్యబృందంతో రికార్డు చేసింది. 1952లో అది అమెరికాలో మొదటి పది పాటల్లోకి వెళ్లింది. అదే కాలంలో కమ్యూనిస్టులన్న ముద్ర వేసి వీవర్స్ జట్టుకు అవకాశాలు రాకుండా చేశారు. జట్టు మూగబోయినా పాట ఆగలేదు.

ఆ రికార్డు మీద పాట కర్త పేరు పాల్ క్యాంప్‌బెల్ అని వేశారు. మిత్రులారా, పాల్ క్యాంప్‌బెల్ అనే మనిషే లేడు. కర్త తెలియని జానపద గేయాలను తమ పేరు మీద నమోదు చేసుకోవడానికి వీవర్స్ జట్టు, వారి ప్రచురణకర్త వాడుకున్న మారుపేరు అది. లేని మనిషికి పేరు వచ్చింది. జోహన్నెస్‌బర్గ్‌లో ప్రాణంతో తిరుగుతున్న మనిషి పేరు ఎగిరిపోయింది.

ఇక్కడ మేము ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. పీట్ సీగర్ దొంగతనం చేయాలని చేసినవాడు కాదు. ఇది ఎవరూ రాయని పాత జానపద గేయమని మొదట ఆయన అనుకున్నాడు. దీనికి కర్త ఉన్నాడని తెలిశాక లిండాకు 1000 డాలర్లు పంపించమన్నాడు. తన వాటా కూడా లిండాకే పోవాలని ప్రచురణకర్తలకు చెప్పాడు. చెప్పినది జరుగుతున్నదో లేదో గట్టిగా చూసుకోకపోవడం తన లోపమని చాలా ఏళ్ల తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. మంచి మనసున్నవాడు నోటితో చెప్పిన మాట కన్నా, కాగితం మీద ఉన్న మాటకే బలం ఎక్కువ అని ఈ ఘట్టం మనకు చెబుతుంది. గాలో కంపెనీ కూడా అమెరికాలోని హక్కును అక్కడి ప్రచురణకర్తలకు వదిలేసి, ఆఫ్రికాలోని కొన్ని దేశాల హక్కుతో సరిపెట్టుకుంది. ఈ బేరాల్లో ఎక్కడా పాట కట్టినవాడిని పిలిచి అడిగినవాడు లేడు.

మన పల్లెల్లోనూ ఇలాంటిది ఉన్నదే. కోలాటానికో, నాట్లకో ఎవరో ఒకరు కట్టిన పాట క్యాసెట్టులోకి వచ్చేసరికి కింద జానపదం అని మాత్రమే ఉంటుంది. జానపదం అంటే ఎవరూ కట్టనిది అని కాదు. కట్టినవారి పేరు ఎవరూ రాసుకోనిది అని.

ఒకే పాట, ఎన్నో గొంతులు

1952లో జిమ్మీ డార్సీ బృందం, పెరూ దేశపు గాయని ఇమా సుమాక్ ఆ పాట పాడారు. 1959లో కింగ్‌స్టన్ ట్రియో పాడారు. దక్షిణాఫ్రికా నుంచి అమెరికా చేరిన గాయని మిరియం మకేబా 1960లో మళ్లీ జులూ భాషలోనే, ఎంబూబే అన్న అసలు పేరుతోనే పాడింది. సొంత మాట సొంత పలుకుబడితో వినిపించిందని ఆమెను మెచ్చుకోవాలి.

అసలు పెద్ద మలుపు 1961లో వచ్చింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కుర్రాళ్ల జట్టు టోకెన్స్. వాళ్లకు విమోవే పాట ఇష్టం. ఆర్‌సీఏ కంపెనీ నిర్మాతలు హ్యూగో పెరెట్టి, లూయిజీ క్రియెటోర్ ఆ పాటకు కొత్త ఇంగ్లీషు మాటలు కావాలన్నారు. జార్జ్ డేవిడ్ వైస్ అనే రచయిత పాటను విడదీసి మళ్లీ కట్టాడు. లిండా మూడోసారి పాడినప్పుడు అప్పటికప్పుడు అందుకున్న ఆ చివరి వరసను ముందుకు తెచ్చి, దానికి అడవిలో సింహం నిద్రపోతున్నదన్న మాటలు పొదిగాడు. డ్రమ్ములు, గిటార్లు, శాక్సఫోను చేర్చారు. అనీటా డేరియన్ అనే గాయనితో పైస్థాయి ఆలాపన పాడించారు. జే సీగల్ ప్రధాన గాయకుడు. పాట పేరు ద లయన్ స్లీప్స్ టునైట్.

విచిత్రం ఏమిటంటే పాడిన కుర్రాళ్లకే అది నచ్చలేదు. విడుదల చేస్తే నవ్వుల పాలవుతామని భయపడ్డారు. కంపెనీ కూడా దాన్ని రికార్డుకు రెండో వైపున వేసింది. రేడియోవాళ్లు మాత్రం ఆ రెండో వైపే మోగించారు. 1961 డిసెంబరులో అది అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లి, మూడు వారాలు అక్కడే ఉంది. ఒక ఆఫ్రికన్ కూలీ కట్టిన బాణీ అమెరికా పాప్ సంగీతానికి తలమానికమైంది. కర్తలుగా వైస్, పెరెట్టి, క్రియెటోర్ పేర్లు వేశారు. ఈసారి కూడా లిండా పేరు లేదు.

అసలు పాటకూ దీనికీ అర్థంలో తేడా చూడండి. లిండా పాటలోని సింహం మెలకువగా ఉన్న సింహం. దాని ముందు నిలబడిన కాపరి పిల్లవాడి గుండె దడ అందులో ఉంది. కొత్త పాటలో సింహం దట్టమైన అడవిలో హాయిగా నిద్రపోతోంది. నిజానికి సింహం ఎక్కువగా తిరిగేది గడ్డి మైదానాల్లో, దట్టమైన అడవుల్లో కాదు. కథ మారింది, బాణీ నిలిచింది. మేము ఈ కొత్త పాటను తక్కువ చేయడం లేదు. వైస్ చేసినదీ పనే, టోకెన్స్ పాడినదీ చక్కని పాటే. పాటలు చేతులు మారుతూ కొత్త రూపు దాల్చడం తప్పు కాదు. తీసుకున్నచోట పేరు చెప్పకపోవడం, వచ్చిన దానిలో వాటా పెట్టకపోవడం తప్పు.

ఆ తర్వాత వరస ఆగలేదు. 1962లో ఇంగ్లండ్‌లో కార్ల్ డెన్వర్ విమోవేను పెద్ద హిట్ చేశాడు. ఫ్రాన్స్‌లో హెన్రీ సాల్వడోర్ పాడిన ఫ్రెంచి పాటలో సింహం నిద్రపోవడానికి బదులు చనిపోయింది. 1972లో రాబర్ట్ జాన్ పాడితే అమెరికాలో మూడో స్థానానికి వెళ్లింది. 1982లో టైట్ ఫిట్ అనే బృందం పాడితే బ్రిటన్‌లో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1994లో డిస్నీ కంపెనీ లయన్ కింగ్ సినిమా, 1997లో దాని రంగస్థల ప్రదర్శన వచ్చాయి. పెద్దలు ఏ పాటలు విన్నారో తెలియని పిల్లలు కూడా ఈ పాట పాడగలిగారు.

కట్టినవాడి చివరి రోజులు

ఈ హడావిడి అంతా సాగుతుండగా లిండా ఎక్కడున్నాడు? 1948లో ఈవెనింగ్ బర్డ్స్ జట్టు విడిపోయింది. దక్షిణాఫ్రికాలో వర్ణ వివక్షను అధికార విధానంగా పెట్టుకున్న ప్రభుత్వం వచ్చింది కూడా ఆ సంవత్సరమే. 1949లో లిండా రెజీనాను పెళ్లి చేసుకున్నాడు. సొవేటోలో చిన్న ఇల్లు. గాలో కంపెనీ గోదాములో ఊడ్చే పని, టీ అందించే పని. ఇంట్లో మొక్కజొన్న సంకటి, కోడి కాళ్లే తిండి అని కూతుళ్లు తర్వాత చెప్పుకున్నారు. ఒక పసిబిడ్డను సరైన పోషణ లేక పోగొట్టుకున్నారు. అయినా వారం చివర వేదిక ఎక్కి పాడడం ఆయన మానలేదు. జులూ జనంలో ఆయనకు గౌరవం ఉండేది. తోటి గాయకులు ఆయనను గురువుగా చూసేవారు.

1959లో పాడుతూ పాడుతూ వేదిక మీదే కూలిపోయాడు. మూత్రపిండాలు పాడయ్యాయి. 1962లో, 53 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. తన బాణీ అమెరికాలో మొదటి స్థానానికి చేరి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. బ్యాంకులో ఆయన పేరున ఉన్నది 25 డాలర్లకు లోపే. సమాధి మీద ఒక రాయి నిలబెట్టడానికి కుటుంబానికి 18 ఏళ్లు పట్టింది. 1990లో రెజీనా చనిపోయింది. కూతుళ్లలో ఒకామె 2001లో ఎయిడ్స్‌తో, సరైన మందులు కొనుక్కోలేక చనిపోయింది. తండ్రి పాట అప్పటికి సినిమా హాళ్లలో, టీవీల్లో, ప్రకటనల్లో మోగుతూనే ఉంది.

కోర్టుకెక్కిన సింహం

2000లో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా పాత్రికేయుడు రోలింగ్ స్టోన్ పత్రికలో ఈ కథ మొత్తం తవ్వి రాశాడు. లయన్ కింగ్ ద్వారానే ఈ పాట కోటిన్నర డాలర్లు సంపాదించి ఉంటుందని ఆయన అంచనా. 2002లో ఫ్రాన్సువా వెర్‌స్టర్ దీని మీద డాక్యుమెంటరీ తీశాడు. లోకం సిగ్గుపడింది. ఓవెన్ డీన్ అనే న్యాయవాది కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు.

కాగితాలన్నీ లిండా కుటుంబానికి వ్యతిరేకంగానే ఉన్నాయి. లిండా హక్కు ఇచ్చేశాడు. తర్వాత ఏళ్లలో భార్య చేత, ఆమె తర్వాత కూతుళ్ల చేత కూడా సంతకాలు పెట్టించుకున్నారు. అయితే 1911 నాటి బ్రిటిష్ సామ్రాజ్య కాపీరైట్ చట్టంలో ఒక నిబంధన ఉంది. రచయిత బతికుండగా తన హక్కును అమ్ముకున్నా సరే, ఆయన చనిపోయిన 25 ఏళ్లకు ఆ హక్కు తిరిగి వారసులకు చేరాలి. అవసరంలో ఉండి తక్కువకు అమ్ముకున్నవారి పిల్లలు వీధిన పడకూడదని పెట్టిన నిబంధన అది. దాని ప్రకారం 1962కు 25 ఏళ్లు కలిపితే 1987. అప్పటి నుంచి బ్రిటిష్ సామ్రాజ్యంలో భాగమైన దేశాలన్నిటిలోనూ ఆ పాట హక్కు లిండా వారసులదే అని డీన్ వాదించాడు. తెల్లదొరల చట్టమే చివరికి నల్లకూలీ పిల్లలకు కర్ర అందించింది. ఆ చట్టమే కొద్ది మార్పులతో 1914లో మన దేశంలోనూ అమలైంది. 1957లో మన సొంత కాపీరైట్ చట్టం వచ్చేదాకా అదే నడిచింది.

2004లో లిండా వారసులు డిస్నీ మీద దావా వేశారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం తోడు నిలిచింది. ఒకనాడు 10 షిల్లింగులకు పాట కొన్న గాలో కంపెనీ కూడా ఈసారి వారసుల పక్షానే నిలబడింది. డిస్నీకి ఆ దేశంలో ఆస్తులు లేకపోతే కోర్టు విచారణ ఎలా? మిక్కీ మౌస్‌తో సహా ఆ కంపెనీ అక్కడ నమోదు చేసుకున్న 200కు పైగా వ్యాపార చిహ్నాలను కోర్టు జప్తు చేసింది. సొవేటో ఇంటి ఆడబిడ్డలు మిక్కీ మౌస్‌ను పట్టి కట్టేశారన్నమాట!

2006 ఫిబ్రవరిలో, విచారణకు ముందే రాజీ కుదిరింది. పాట హక్కులు పొందిన అబిలీన్ మ్యూజిక్ సంస్థ, 1987 నుంచి రావలసిన వాటా, ఇక మీదట రాబోయే వాటా చెల్లించడానికి ఒప్పుకుంది. అన్నిటికన్నా ముఖ్యం, సోలమన్ లిండాను పాటకు సహకర్తగా అంగీకరించింది. పాట పుట్టిన 67 ఏళ్లకు తండ్రి పేరు పాటకు చేరింది. డబ్బు మాత్రం అనుకున్నంత చేతికి రాలేదని, వచ్చినది కూడా ఎక్కువ కాలం నిలవలేదని 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన డాక్యుమెంటరీ చూపించింది. న్యాయం ఆలస్యంగా వస్తే సగమే వస్తుంది.

పాట మాత్రం పుట్టినచోట కూడా చచ్చిపోలేదు. లిండా జట్టు వేసిన బాటలోనే మెత్తని అడుగులతో పాడే ఇసికతమియా పద్ధతి పెరిగింది. పిల్లిలా చప్పుడు కాకుండా నడవడం అని ఆ మాటకు అర్థం చెబుతారు. హాస్టల్లో రాత్రి పాడుకునేటప్పుడు కాపలావాళ్లు లేవకూడదని అలా అడుగులు వేసేవారట. వార్డెన్ సారు నిద్రలేవకుండా నడవడం తెలిసిన మన వాళ్లకు ఇది చదివితే నవ్వు రాక మానదు. ఆ పద్ధతిలోనే జోసెఫ్ షబలాలా లేడీస్మిత్ బ్లాక్ మాంబాజో జట్టును నడిపి, 1986లో పాల్ సైమన్ ఆల్బమ్ ద్వారా ప్రపంచ ప్రసిద్ధి పొందాడు.

మనం నేర్చుకోవలసింది

ఈ జీవితం చదివి అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేయడానికి మేము రాయలేదు. మనలో పాట కట్టేవారున్నారు, బొమ్మలు వేసేవారున్నారు, షార్ట్ ఫిల్ములు తీసేవారున్నారు, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారున్నారు. మన ఇళ్లలో ఒప్పంద కాగితం ముందు పెట్టగానే చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఉంది. పెట్టమన్న చోట పెట్టు అంటే పెడతాం. చదువుతానంటే అవతలివారు ఏమనుకుంటారో అని మొహమాటం. లిండా కుటుంబంలో మూడు సంతకాలు, మూడుసార్లు నష్టం.

ఇప్పుడు మన చట్టం కొంత మారింది. మన దేశంలో రచన చేసిన రోజు నుంచే దాని మీద హక్కు రచయితది. అందుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమా పాట రాసినవారు, బాణీ కట్టినవారు ఆ పాట సినిమా హాలు బయట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో తమ సమాన వాటాను నిర్మాతలకు రాసిచ్చేసినా అది చెల్లదు. లిండా లాంటివారి నష్టాల నుంచి లోకం నేర్చుకున్న పాఠం ఇది. అయినా చట్టం తెలిసినవాడికే చుట్టం.

అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట. ఏ కాగితమైనా పూర్తిగా చదవండి. అర్థం కాకపోతే రేపు ఇస్తానని చెప్పి, తెలిసినవారిని అడగండి. సంతకం పెడితే ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. మీరు చేసిన దాని కింద పేరు, తేదీ రాసుకోండి. ఇంకొకరు చేసినది మీరు వాడుకుంటే వారి పేరు చెప్పండి. మనకు జరగకూడదనుకున్నది మనం ఇంకొకరికి చేయకూడదు కదా.

ఈ సంవత్సరం వార్షికోత్సవ వేదిక మీద పాడబోయే పాటల జాబితా సిద్ధమవుతోంది. ప్రతి పాటకూ పాడేవారి పేరుతో పాటు, రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు మైకులో చదివిన తర్వాతే పాట మొదలుపెట్టాలని మేము కమిటీని కోరుతున్నాం. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాటైతే అమ్మమ్మ పేరే చదవండి.